లక్ష కిలోమీటర్లు దాటిన గేర్‌బాక్స్‌లో ఎర్ర ఆయిల్

ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్‌లో ఉండే ఎర్రటి ఆయిల్‌ను కంపెనీ పుస్తకాలు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ అంటాయి. షెడ్డుల్లో దాన్ని ఏటీఎఫ్ అంటారు. చిన్న కారుకు ఆరు లీటర్ల దాకా, పెద్ద సెడాన్‌కు ఎనిమిది తొమ్మిది లీటర్ల దాకా పడుతుంది. ఇంజిన్ ఆయిల్ ఏటా మారుతుంది కాబట్టి దాని సంగతి అందరికీ తెలుసు. ఏటీఎఫ్ మాత్రం చాలామందికి కారు లక్ష కిలోమీటర్లు దాటాక, గేరు పడేటప్పుడు మొదటి కుదుపు తగిలినప్పుడే గుర్తుకొస్తుంది. అప్పుడు రెండు సలహాలు ఎదురవుతాయి. వెంటనే మార్పించమని ఒకరంటారు. ఇన్నేళ్లూ మార్చనిదాన్ని ఇప్పుడు కదిలిస్తే గేర్‌బాక్సే పోతుందని ఇంకొకరంటారు. ఈ రెండో మాట సూరత్ షెడ్డుల్లోనే కాదు, హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ వినిపించేదే. అందులో కొంత అనుభవం ఉంది. కాకపోతే దానికి చెప్పే కారణం తప్పు.

సూరత్‌లో ఈ ప్రశ్నకు బరువెక్కువ. ఢిల్లీలో తెచ్చినట్టుగా పాత కార్లను వయసు చూసి రోడ్డెక్కనివ్వని నిబంధన గుజరాత్‌లో లేదు. 15 ఏళ్లు నిండిన సొంత కారును ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గించి, ఆర్‌సీని మరో 5 ఏళ్లకు పునరుద్ధరించుకోవచ్చు. దాని రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది. అందుకే జీజే-05 నంబరుతో తిరిగే పాత హోండా సిటీలు, సివిక్‌లు, కొరొల్లాలు, ఐ10లు చేతులు మారుతూ బతుకుతుంటాయి. పవర్‌లూమ్ పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలు ఇక్కడ చిన్న సంఖ్య కాదు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఇలాంటి కుటుంబాలు కొనే రెండో చేతి ఆటోమేటిక్ కారుకు పాత సర్వీసు కాగితాలు దొరకడం అరుదు. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడైనా మార్చారా లేదా అన్నది ఆయిలే చెప్పాలి.

ఆయిల్ చేసే పని

మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ఆయిల్‌కు ముఖ్యమైన పని పళ్లచక్రాలు అరగకుండా కాపాడడం. ఆటోమేటిక్‌లో అలా కాదు. ఇక్కడ క్లచ్ పెడల్ ఉండదు. దాని స్థానంలో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ అనే మూసిన గుండ్రటి డబ్బా ఉంటుంది. ఇంజిన్‌తో తిరిగే రెక్కలు ఆయిల్‌ను విసురుతాయి, ఆ విసురుకు ఎదుటి రెక్కలు తిరుగుతాయి. అంటే ఇంజిన్ బలాన్ని చక్రాల వైపు మోసేది ఆయిలే. అదే ఆయిల్‌ను ఒక పంపు వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లోకి ఒత్తిడితో నెడుతుంది. కంప్యూటర్ చెప్పినట్టు సొలినాయిడ్లు తెరుచుకుని మూసుకుంటుంటే, ఆ ఒత్తిడి ఏ క్లచ్ ప్లేట్ల కట్టను నొక్కితే ఆ గేరు పడుతుంది. లోపల పుట్టిన వేడిని కూలర్‌కు చేర్చేదీ ఇదే.

వీటన్నిటికంటే చిక్కైన పని మరొకటుంది. క్లచ్ ప్లేట్ల మీద జిగురుతో బిగించిన పీచు పొర ఉంటుంది, చూడడానికి మందపాటి కాగితంలా కనిపిస్తుంది. ఆ ప్లేట్లు ఆయిల్‌లో మునిగే ఉంటాయి, ఆయిల్‌లోనే ఒకదాన్నొకటి పట్టుకోవాలి. బేరింగుల దగ్గర జారాలి, ప్లేట్ల దగ్గర పట్టుకోవాలి, ఆ పట్టు కూడా ఒక్కసారిగా కాక మెత్తగా పడాలి. ఒకే ద్రవానికి ఈ మూడు గుణాలూ రావడానికి ఫ్రిక్షన్ మాడిఫయర్లు అనే రసాయనాలు కలుపుతారు. ఏటీఎఫ్ ముసలిదయ్యాక ముందు దెబ్బతినేవి ఇవే. అందుకే ఆయిల్ చూడడానికి బాగానే ఉన్నా గేర్లు మొరాయించవచ్చు.

జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్ల కోసం 1939లో హైడ్రామాటిక్ గేర్‌బాక్స్ తెచ్చింది. భారీగా తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ అదే. దానికంటూ ప్రత్యేక ఆయిల్ ప్రమాణం, టైప్-ఏ, 1949లో వచ్చింది. ఆ కంపెనీ తన ఏటీఎఫ్‌కు పెట్టిన డెక్స్రాన్ పేరు 1967 నాటిది. ఆ రోజుల్లో ప్లేట్లకు మెత్తటి పట్టునిచ్చిన పదార్థం స్పెర్మ్ తిమింగలం నూనె. 1970ల తొలినాళ్లలో అమెరికా తిమింగలాల రక్షణకు చట్టం చేయడంతో ఆ నూనె అందకుండా పోయింది. బదులుగా వచ్చిన తొలి రసాయనాలు కూలర్ లోహాన్ని తినేయడంతో వాటిని మళ్లీ సరిదిద్దాల్సి వచ్చింది. ఇక ఎరుపు రంగు సంగతి: అది ఆయిల్ గుణం కాదు, కలిపిన రంగు మాత్రమే. కారు కింద మరక పడితే కారింది ఇంజిన్ ఆయిలా, గేర్‌బాక్స్ ఆయిలా అని పోల్చుకోవడానికి దాన్ని కలిపారు.

సూరత్ ఎండలో "జీవితకాలం"

ఏటీఎఫ్ సాధారణంగా 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య పని చేస్తుంది. ఆ పైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయిల్ ఆక్సీకరణ వేగం దాదాపు రెట్టింపవుతుందని ఇంజినీర్లు లెక్క కడతారు. అంటే 90 డిగ్రీల దగ్గర 80 వేల కిలోమీటర్లు నిలిచే ఆయిల్, తరచూ 110కి చేరే బండిలో 20 వేలకే అయిపోయినట్టు. ఆక్సీకరణతో పుట్టే జిగురు వాల్వ్ బాడీ దారుల్లో పేరుకుంటుంది, రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. ఆయిల్ చిక్కదనాన్ని నిలిపే పొడవాటి అణువులు గేర్ల మధ్య నలిగి తెగిపోవడంతో ఆయిల్ పలచబడుతుంది.

వేడి ఎక్కువగా పుట్టేది హైవే మీద కాదు, ఆగి ఆగి నడిచే చోట. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ రెక్కలు వేగంగా, ఎదుటి రెక్కలు నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు తేడా అంతా వేడిగా మారుతుంది. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల దగ్గర టెంపోల వెనకాల మే నెల మధ్యాహ్నం అరగంట పాకడం గేర్‌బాక్స్‌కు పెద్ద పరీక్ష. దసరాకు కారు నిండా మనుషులతో, డిక్కీ నిండా సామాన్లతో ఊరికి బయలుదేరి సూరత్-ధూలే దారిలో కొండాయిబారి ఘాట్ ఎక్కడం ఇంకొకటి. దీనికి తోడు, చాలా కార్లలో ఏటీఎఫ్ కూలర్ రేడియేటర్ తొట్టిలోనే ఉంటుంది. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసుకుంటూ వచ్చిన పాత కారులో ఆ తొట్టి సున్నపు పొరతో నిండి, చల్లబరచాల్సినది చల్లబరచలేకపోతుంది.

కంపెనీ మాన్యువళ్లలో సర్వీసు గడువులు రెండు రకాలుగా ఉంటాయి. మామూలు వాడకానికి ఒకటి, కఠిన వాడకానికి ఇంకొకటి. అధిక వేడి, ట్రాఫిక్, చిన్న చిన్న ప్రయాణాలు, ఘాట్ రోడ్లు, ఇవన్నీ కఠిన వాడకం కిందికే వస్తాయి. ఈ జాబితా చదివితే సూరత్ కార్లలో మామూలు వాడకం లెక్కకు వచ్చేవి ఎన్నో ఊహించుకోవచ్చు. కొన్ని కంపెనీలు ఏటీఎఫ్‌ను జీవితకాలం మార్చనక్కర్లేదని రాశాయి. ఎవరి జీవితకాలమన్నది మాత్రం రాయలేదు. అలాంటి కార్లకు గేర్‌బాక్సులు తయారు చేసే జర్మనీ సంస్థ జడ్‌ఎఫ్ మాత్రం తన ఆయిల్‌ను 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే 8 ఏళ్లకు మించకుండా మార్చమంటోంది. గేర్‌బాక్స్ చేసినవాళ్ల మాటకే విలువివ్వాలి.

మారిస్తే పోతుందన్న మాట

ఈ నమ్మకం ఎలా పుట్టిందో చూస్తే సగం భయం పోతుంది. గేరు జారడం మొదలయ్యేదాకా గేర్‌బాక్స్ ఆయిల్ జోలికి ఎవరూ వెళ్లరు. జారుతోందంటే ప్లేట్ల మీది పీచు పొర అప్పటికే అరిగిపోయిందని అర్థం. ఆ దశలో చివరి ఆశగా కొత్త ఆయిల్ పోయిస్తారు. మరో నెలకు ఎలాగూ పోవలసిన గేర్‌బాక్స్ పోతుంది. నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. పాత ఆయిల్‌లో తేలాడే పీచు పొడి అరిగిన ప్లేట్లకు కాస్త పట్టునిస్తుందనీ, అది పోవడంతో జారుడు బయటపడుతుందనీ మెకానిక్‌లు చెబుతారు. పొడి పట్టుతో నడిచే గేర్‌బాక్స్‌కు మిగిలిన ఆయుష్షు ఎలాగూ కొద్దే. ఆ పొడే వాల్వులనూ సొలినాయిడ్లనూ తింటూ ఉంటుంది.

నిజంగా జరిగే హాని ఇంకో చోట ఉంది. మెషీన్ పెట్టి, శుభ్రపరిచే రసాయనం కలిపి, ఒత్తిడితో ఒక్కసారిగా మొత్తం కడిగించడాన్ని ఫ్లషింగ్ అంటారు. ఎన్నో ఏళ్లుగా గోడలకు అంటుకున్న జిగురు ఒక్కసారి ఊడి వస్తే, వెంట్రుకలంత సన్నని వాల్వ్ దారుల్లో ఇరుక్కుంటుంది. ఎప్పుడూ మార్చని పాత గేర్‌బాక్స్‌కు ఈ పద్ధతి పనికిరాదు. తప్పుడు ఆయిల్, తప్పుడు లెవెల్ మరో రెండు కారణాలు. ఈ మూడూ లేకుండా చేసిన మార్పు ఆరోగ్యంగా ఉన్న పాత గేర్‌బాక్స్‌ను చంపదు.

కాబట్టి ముందు చేయాల్సింది పరీక్ష. డిప్‌స్టిక్ ఉన్న కారైతే నాలుగు చుక్కలు తెల్లటి టిష్యూ కాగితం మీద వేయాలి. ఎర్రగా, పలచగా పాకితే ఆయిల్ బాగుంది. గోధుమ రంగైతే వయసు మీరింది, మార్చే సమయమిదే. నల్లగా ఉండి మాడు వాసన కొడితే, చుక్క మధ్యలో నలుసులు మిగిలితే, ప్లేట్లు కాలాయి. గులాబీ రంగు పాలలా ఉంటే రేడియేటర్‌లోని కూలర్ చిల్లుపడి కూలెంట్ కలిసిందన్నమాట. ఆ కారును ఇక నడపకూడదు. రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పడం తొందరపాటు. టయోటా డబ్ల్యూఎస్ లాంటివి త్వరగానే నల్లబడతాయి, వాసనా నలుసులూ లేకపోతే అది ప్రమాదం కాదు.

తర్వాత రోడ్డు మీద చూడాలి. 40 నుంచి 60 కిలోమీటర్ల వేగంలో, యాక్సిలరేటర్ తేలిగ్గా నొక్కినప్పుడు, రోడ్డు మీది గరుకు చారల మీదుగా వెళ్తున్నట్టు కారు వణికితే అది కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ వణుకు. ఫ్రిక్షన్ మాడిఫయర్లు అయిపోయిన గుర్తు అది, కొత్త ఆయిల్‌తో చాలాసార్లు తగ్గుతుంది. ఆర్‌లోనో డీలోనో వేశాక రెండు సెకన్లు ఆలస్యంగా పట్టుకోవడం, ఇంజిన్ చప్పుడు పెరిగినా వేగం పెరగకపోవడం వేరే సంగతి. అలాంటప్పుడు ఆయిల్ మార్చినా నయమవుతుందని హామీ లేదని మెకానిక్ ముందే చెప్పాలి, యజమాని ముందే వినాలి.

మార్చే పద్ధతి

పాత కారుకు సరైన దారి కొంచెం కొంచెంగా మార్చడం. డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్ అంతా రాదు. కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో సగానికి పైగా ఉండిపోతుంది. మొత్తం 6 లీటర్లు పట్టే గేర్‌బాక్స్‌లో ఒకసారికి రెండున్నర లీటర్లు దిగుతాయనుకుంటే, ఆ మేరకు కొత్తది పోశాక పాత ఆయిల్ 58 శాతం మిగులుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ చేస్తే 34 శాతానికి, మూడోసారికి 20 శాతానికి దిగుతుంది. ఖర్చయ్యేది ఏడున్నర లీటర్లు. ఒకేసారి మార్చడం కంటే ఆయిల్ కాస్త ఎక్కువ పడుతుంది గానీ, జిగురు విడిగా, మెల్లగా కరిగి ప్రతిసారీ కొంత బయటికి పోతుంది. రెండుమూడు నెలల వ్యవధిలో ఇది పూర్తి చేయవచ్చు.

పనిలో మొదటి నియమం: దించే బోల్టు ముట్టుకోకముందే నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకోవాలి. పదేళ్లుగా కదలని నింపే బోల్టు తుప్పు పట్టి రాకపోతే, ఆయిల్ దించేసిన కారు షెడ్డులోనే ఉండిపోతుంది. రెండోది మరీ చిన్నది కానీ ఖరీదైనది. కొన్ని కార్లలో ఇంజిన్ డ్రెయిన్ బోల్టు, గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్టు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇంజిన్ ఆయిల్ మార్చబోయి గేర్‌బాక్స్ ఖాళీ చేసి, ఇంజిన్‌లో రెట్టింపు ఆయిల్ పోసిన ఉదంతాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. దిగిన ఆయిల్‌ను కొలిచి, అంతే కొత్తది పోయడం మంచి అలవాటు. అయితే ముందున్న లెవెల్ సరైనదేనా అన్నది విడిగా చూసుకోవాలి.

బోల్టుకు అంటి ఉండే అయస్కాంతం గేర్‌బాక్స్ చరిత్ర చెబుతుంది. దాని మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉండడం సహజం. గోరుకు తగిలే లోహపు ముక్కలుంటే లోపల ఏదో విరుగుతోందని అర్థం. బోల్టు కింది వాషర్‌ను కొత్తది వేయాలి. హోండాల్లో ఆ బోల్టు బిగింపు 49 న్యూటన్ మీటర్లు. అడుగున పాన్ అనే ఆయిల్ తొట్టి ఉన్న గేర్‌బాక్సుల్లో దాన్ని దించి ఫిల్టర్, గాస్కెట్ మార్చవచ్చు. పాన్ బోల్టులు చిన్నవి, బలం చూపించి బిగిస్తే పాన్ అంచు వంగి కారడం మొదలవుతుంది. పాత హోండా ఆటోమేటిక్‌లకు దించే పాన్ ఉండదు కాబట్టి ఈ గొడవ లేదు.

లెవెల్ చూడడం దగ్గరే సూరత్ వాతావరణం అడ్డొస్తుంది. డిప్‌స్టిక్ ఉన్న కార్లలో ఎక్కువ భాగం, ఆయిల్ వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగా చూస్తారు. హోండాల్లో ఇంజిన్ ఆపిన నిమిషం, నిమిషంన్నర లోపల చూడాలి. డిప్‌స్టిక్ లేని కార్లలో ఓవర్‌ఫ్లో బోల్టు విప్పి, నిర్ణీత వేడి దగ్గర ఆయిల్ సన్నటి ధారగా వచ్చి చుక్కలయ్యేదాకా ఆగి బిగించాలి. ఆ వేడి టయోటాల్లో 35 నుంచి 45 డిగ్రీలు, జడ్‌ఎఫ్ గేర్‌బాక్సుల్లో 30 నుంచి 50. మే నెల మధ్యాహ్నం నీడలోనే 40 డిగ్రీలకు దగ్గరైన రోజున, ఎండలో నిలిపిన కారు గేర్‌బాక్స్ స్టార్ట్ చేయకముందే ఆ హద్దును తాకుతుంది. స్టార్ట్ చేసి గేర్లన్నీ ఒకసారి మార్చి కారు కిందికి దూరేలోపు దాటిపోతుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్ బోల్టు గుండా ఎక్కువగా కారిపోయి, చల్లబడ్డాక తక్కువ మిగులుతుంది. 7 లీటర్ల ఆయిల్ 40 డిగ్రీలు అదనంగా వేడెక్కితే సుమారు 200 మిల్లీలీటర్లు ఉబ్బుతుంది. కాబట్టి వేసవిలో ఈ పనికి తెల్లవారుజాము సరైన వేళ. రాత్రంతా లోపల నిలిపిన కారు, చేతిలో ఆయిల్ వేడిని చూపే స్కానర్ ఉంటే ఇంకా మేలు.

ఆయిల్ తక్కువైతే మలుపుల్లో పంపు గాలి పీల్చి ఒత్తిడి పడిపోతుంది. ఎక్కువైతే తిరిగే గేర్లు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. నురగలోని గాలి నొక్కుకుపోతుంది కాబట్టి ఒత్తిడి అందక ప్లేట్లు జారతాయి. అర లీటరు ఎక్కువ పోస్తే మంచిదేగా అనే మన అలవాటు ఇక్కడ చెల్లదు.

ఏ ఆయిల్, ఏ గేర్‌బాక్స్

డబ్బా మీది కంపెనీ పేరు కంటే దాని మీద రాసిన ప్రమాణం ముఖ్యం. పాత హ్యుందాయ్ నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లకు ఎస్‌పీ-3, ఆ తర్వాతి ఆరు గేర్ల వాటికి ఎస్‌పీ-4. హోండాలో జడ్-1 స్థానంలో డీడబ్ల్యూ-1 వచ్చింది. టయోటాలో పాతవాటికి టి-4, తర్వాతివాటికి డబ్ల్యూఎస్. కొత్త ప్రమాణాల ఆయిళ్లు ఇంధనం ఆదా కోసం పలచగా చేసినవి. కొత్తది కదా అని పాత గేర్‌బాక్స్‌లో పోస్తే అరిగిన సీళ్ల పక్కనుంచి ఒత్తిడి జారిపోవచ్చు. అన్ని కార్లకూ సరిపోతుందని అమ్మే ఆయిళ్లన్నీ మోసం కావు. తమ గేర్‌బాక్స్ ప్రమాణం ఆ డబ్బా మీది జాబితాలో ఉందో లేదో చదివి కొనాలి.

క్లచ్ పెడల్ లేని ప్రతి కారులోనూ ఏటీఎఫ్ ఉంటుందనుకోవడం మరో గందరగోళం. సూరత్ వజ్రాల వ్యాపారి సావ్‌జీ ఢోలకియా 2018 దీపావళికి 600 మంది ఉద్యోగులకు కార్లు కానుకగా ఇచ్చినప్పుడు అందులో మారుతి సెలెరియోలు, రెనో క్విడ్‌లు ఉన్నాయి. ఈ రెండు మోడళ్లూ ఏఎమ్‌టీతో కూడా అమ్ముడయ్యాయి, భారత్‌లో ఏఎమ్‌టీతో వచ్చిన తొలి కారు 2014 నాటి సెలెరియోనే. ఏఎమ్‌టీ అంటే మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కే పని యంత్రం చేస్తుంది. దానికి మాన్యువల్ గేర్ ఆయిలే పోయాలి. కొన్నింటిలో యాక్చువేటర్‌కు విడిగా కాస్త హైడ్రాలిక్ ద్రవం ఉంటుంది. 2014 తర్వాతి హోండా సిటీలోని, బెల్టుతో నడిచే సీవీటీ గేర్‌బాక్స్‌కు హెచ్‌సీఎఫ్-2 అనే వేరే ద్రవం కావాలి. దాని బదులు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి గేర్‌బాక్స్ పాడవుతుంది.

రెండు క్లచ్‌ల డీఎస్‌జీ కథ సూరత్ లాంటి ఊళ్లకు మరీ దగ్గరిది. 2013 నవంబరులో ఫోక్స్‌వాగన్ ఏడు గేర్ల డీఎస్‌జీ ఉన్న సుమారు 16 లక్షల కార్లను ప్రపంచమంతటా వెనక్కి పిలిచి, సింథటిక్ గేర్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోసింది. వేడీ తేమా కలిసిన వాతావరణంలో, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లో ఆ సింథటిక్ ఆయిల్ గేర్‌బాక్స్ కరెంటు సరఫరాను దెబ్బతీస్తోందని తేలింది. ఖరీదైన ఆయిల్ అన్నిచోట్లా మెరుగైనదని అనుకునేవాళ్లకు ఇది గుర్తుండాలి.

నీళ్లలో మునిగితే

2006 ఆగస్టులో ఉకై డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది సూరత్‌లో అధిక భాగాన్ని ముంచింది. అంతటి వరద అరుదు. కానీ వానాకాలంలో ఖాడీలనే వాగులు పొంగి లింబాయత్‌లో మీఠీ ఖాడీ పక్క వీధులు మునగడం తరచూ జరిగేదే. గేర్‌బాక్స్ పూర్తిగా మూసిన పెట్టె కాదు. వేడికి లోపలి గాలి పెరిగితే బయటికి పోవడానికి పైన చిన్న శ్వాస గొట్టం ఉంటుంది. వేడి గేర్‌బాక్స్ ఉన్నట్టుండి నీళ్లలో మునిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, ఆ గొట్టం గుండా నీటిని పీల్చుకుంటుంది. కొద్దిపాటి నీరు చాలు, క్లచ్ ప్లేట్ల పీచు పొరను అతికించిన జిగురు వదిలేస్తుంది. అందుకే ఆ ఎత్తు దాకా మునిగిన కారును స్టార్ట్ చేయకుండా షెడ్డుకు లాగించి, ఆయిల్ దించి చూడాలి. నీళ్లు కలిసినట్టు కనిపిస్తే మాత్రం మెల్లగా మార్చే పద్ధతి పక్కన పెట్టి, కూలర్ గొట్టం విప్పి కన్వర్టర్‌తో సహా మొత్తం అదే రోజు మార్చేయాలి.

దించిన ఆయిల్‌ను వీధి కాలువలో పారబోస్తే అది ఖాడీ మీదుగా తాపీలోకే చేరుతుంది. వాడిన ఆయిల్ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. దాన్ని అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారీదారులు కూడా వాడిన ఆయిల్‌ను తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత మోయాలి. ఇంట్లో మార్చుకున్నవాళ్లు పాత ఆయిల్‌ను కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాల్లోనే పోసి, నీళ్లు గానీ పెట్రోలు గానీ కలవకుండా మూత బిగించి, దాన్ని తీసుకునే సర్వీసు సెంటర్‌కు అప్పగించవచ్చు. కలిస్తే ఆ ఆయిల్ శుద్ధికి పనికిరాదు.